చదివితే అర్థమవుతుంది, రాయబోతే రాదు: పీజీ, పీహెచ్‌డీ వాళ్లకు ఒక్క పేరాతో ఇంగ్లిష్ సాధన

నమస్కారం. జర్నల్ పేపరు చదివితే అర్థమవుతోంది, క్లాసులో లెక్చరు అందుతోంది, కానీ సొంతంగా ఒక పేజీ రాస్తే గైడు ఎర్ర గీతలతో నింపి ఇస్తున్నారు. మీ పరిస్థితి ఇదే అయితే ఈ వీడియో మీకే. ఈ దశలో గ్రామర్ పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి పట్టుకుంటే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మాటలు మీకు తెలుసు. రాసేటప్పుడు చేతికి రావడం లేదు, అంతే.

మీ సబ్జెక్టులోనే ఒక పేపరు తీసి, డిస్కషన్ భాగంలో 120 నుంచి 150 పదాల పేరా ఎంచుకోండి. మెథడ్స్ భాగం వద్దు, అక్కడ వాదన తక్కువ. రెండుసార్లు చదవండి. ఒక్కో వాక్యానికి మూడు నాలుగు మాటలే నోట్ చేసుకుని పేపరు మూసేయండి. మర్నాడు ఆ నోట్సు మాత్రమే చూస్తూ పేరా మొత్తం 20 నిమిషాల్లో రాయండి. అదే రోజు రాస్తే గుర్తున్న వాక్యాలే దిగిపోతాయి, మీ లోపం బయటపడదు. 18వ శతాబ్దంలో అమెరికా రచయిత, శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో స్పెక్టేటర్ పత్రిక వ్యాసాలతో చేసిన సాధన ఇదే. ఆయనైతే కొన్ని రోజులు ఆగేవాడు.

ఇప్పుడు రెండు పేరాలూ పక్కపక్కన పెట్టి, తేడాలను వేరే రంగు పెన్నుతో గుర్తించండి. మన వాళ్ల రాతలో ముందు దొరికేవి ఆర్టికల్స్, అంటే ‘ఎ’, ‘ఏన్’, ‘ద’ల తప్పులు. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి కన్ను దాటేస్తుంది. ప్రతి నామవాచకం దగ్గరా ఆగి అడగండి: ఇది లెక్కపెట్టేదా? ఏదన్నది చదివేవారికి ముందే తెలుసా? లెక్కపెట్టే ఏకవచనాన్ని ఒంటరిగా వదలకూడదు. తెలిసినదైతే ‘ద’, కొత్తదైతే ‘ఎ’ లేదా ‘ఏన్’. రీసెర్చ్, ఎవిడెన్స్, ఎక్విప్‌మెంట్, ఇన్ఫర్మేషన్ లాంటివి లెక్కలోకి రావు. వీటికి ముందు ‘ఎ’ పెట్టొద్దు, చివర ‘ఎస్’ తగిలించొద్దు. థీసిస్‌లలో ‘మెనీ రీసెర్చెస్’ ఎంత మామూలైపోయిందో మీకూ తెలుసు!

తర్వాత ఏ మాట పక్కన ఏ మాట. మనం ‘దాని గురించి చర్చించాం’ అంటాం కాబట్టి ‘డిస్కస్ అబౌట్’ వచ్చేస్తుంది. అక్కడ ‘అబౌట్’ అక్కర్లేదు. అనుమానం వస్తే కోకా (COCA) కార్పస్ వెబ్‌సైట్ తెరవండి. వంద కోట్ల పదాలకు పైగా ఉన్న అమెరికన్ ఇంగ్లిష్ భాండాగారం అది. ఉచితంగా రిజిస్టర్ చేసుకోవచ్చు, రోజుకు ఇన్ని వెతుకులాటలని పరిమితి ఉంటుంది. స్క్రీన్ మీద చూడండి: వెర్బ్ అని పెద్ద అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, రీసెర్చ్ అని కొడుతున్నాను. రీసెర్చ్ ముందు ఏ క్రియలు వస్తాయో జాబితా వస్తుంది. ‘డూ’, ‘కండక్ట్’ రెండూ సరైనవే. చార్ట్ నొక్కితే ఏది అకడమిక్ రాతలో ఎక్కువో తెలుస్తుంది. ‘మేక్ రీసెర్చ్’ మాత్రం రాయకండి.

మూడోది, గైడ్లు ఎక్కువగా విసుక్కునేది: మాట బలం. 40 మంది మీద చేసిన సర్వేకి ‘దిస్ ప్రూవ్స్’ అని రాస్తే రివ్యూయర్ అక్కడే పట్టుకుంటారు. ‘సజెస్ట్స్’ చాలు. అలాగని భయపడి ‘మే పాసిబ్లీ సజెస్ట్’ అని మూడు పొరలు కప్పొద్దు, ఒక్కటి చాలు. మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ల అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్‌లో ఇలాంటి వాక్య నమూనాలు ఉచితంగా దొరుకుతాయి.

ఇంకొకటి. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది, అప్పటిదాకా ఆగడం మనకు అలవాటు. ఇంగ్లిష్ పాఠకుడు ఆగడు. మీ వాక్యంలో ప్రధాన క్రియ పదో పదం దాటాక వస్తుంటే, వాక్యాన్ని రెండుగా విరవండి.

రాత అయ్యాక అదే పేరాలోని విషయాన్ని ఇంగ్లిష్‌లో మీ మాటల్లో వివరించండి. ముగ్గురు మిత్రులకు ఒకరి తర్వాత ఒకరికి చెప్పండి: మొదట 4 నిమిషాల్లో, తర్వాత 3, ఆపైన 2. విషయం మారదు కాబట్టి రెండోసారికి తడుముకోవడం తగ్గుతుంది. చాలామంది ఇక్కడ సగం విషయం కోసేసి 2 నిమిషాల్లో ముగించామనుకుంటారు. కోయకూడదు, మధ్యలో వచ్చే ఆగుళ్లే తగ్గాలి. మిత్రులు దొరక్కపోతే ఫోన్ రికార్డర్ చాలు.

ఆ రికార్డింగ్ వింటూ నొక్కు ఎక్కడ పడుతోందో చూడండి. ‘ఎకానమీ’లో రెండో అక్షరం మీద, ‘ఎకనామిక్’లో మూడోదాని మీద పడాలి. చివర ‘ఇక్’ లేదా ‘షన్’ వస్తే సాధారణంగా దాని ముందు అక్షరం మీదే నొక్కు, ‘అరబిక్’ లాంటి కొన్ని తప్ప. ‘టెస్టు’, ‘మెథడు’ అని చివర ఉకారం చేరుతోందేమో కూడా గమనించండి.

ఏఐ టూల్‌కి మీ పేరా ఇవ్వాలనుకుంటే, అసలు పేరాతో పోల్చుకున్న తర్వాతే ఇవ్వండి. తిరగరాయమని కాదు, తప్పున్న చోటు చూపించి ఊరుకోమని అడగండి. దిద్దడం మీ పెన్నుతోనే.