ఏఐ గీసిన ఇంటికి చూరేదండీ?

రాజమండ్రిలో మా స్టూడియోలో రికార్డు చేసిన చర్చ ఇది. గంటకి పైగా సాగింది. టీ తాగిన పది నిమిషాలూ, ఒకరి మాట మీద ఒకరు పడి ఏమీ వినపడని చోట్లూ తీసేసి, మిగతాది ఉన్నదున్నట్టు రాశాను. యాంకర్‌ని నేనే. వచ్చినవాళ్లు నలుగురు: కోనసీమలో నలభై ఏళ్లుగా ఇళ్లు కడుతున్న మేస్త్రి గారు, మట్టి కట్టడాల మీద పనిచేసే ఆర్కిటెక్ట్ మేడమ్, కాలేజీలో సివిల్ చెప్పే లెక్చరర్ గారు, గోదావరి మధ్య ఉన్న లంక గ్రామం నుంచి పిన్నిగారు. ఈ పిన్నిగారు రానంటే రానన్నారు, నాకేం తెలుసని పిలుస్తున్నారన్నారు. తీరా వచ్చాక అందరి నోళ్లూ మూయించింది ఆవిడే.

యాంకర్: ముందు తెర మీద బొమ్మ చూడండి. గోదావరి డెల్టాలో పర్యావరణానికి మేలు చేసే మట్టి ఇల్లు గీయమని ఒక ఏఐ టూల్‌ని అడిగితే అర నిమిషంలో ఇచ్చింది. గుండ్రటి గోడలు, ఎర్రమట్టి రంగు, పెద్ద అద్దాల కిటికీ, వెనకాల కొబ్బరిచెట్లు. ఎలా ఉంది మేస్త్రీ గారూ?

మేస్త్రి: బాగుందండి. పెళ్లి ఫొటోలు తీసుకోడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. చూరేదండీ?

యాంకర్: అంటే?

మేస్త్రి: కప్పు గోడ అంచుకే ఆగిపోయింది చూడండి. మట్టిగోడకి రెండు, రెండున్నర అడుగులన్నా చూరు దిగాలి. తుపానుకి మనకి వాన నిలువుగా పడుతుందా? అడ్డంగా కొడుతుంది. ఈ గోడ ఒక్క కార్తీకం కూడా గట్టెక్కదు. ఇంకోటండి, అరుగు లేదు. గోడ తిన్నగా గడ్డిలోంచి లేచింది. మా ఊళ్లో నాలుగడుగులు తవ్వితే నీళ్లు. ఆ చెమ్మంతా గోడ ఎక్కదా? పైనుంచి పడే వాన కంటే కిందనుంచి ఎక్కే చెమ్మే మట్టిగోడని తినేస్తుందండి.

ఆర్కిటెక్ట్: ఆ టూల్‌ని నేను వెనకేసుకు రావడం లేదు గానీ అదెందుకు అలా గీసిందో చెప్తాను. నెట్‌లో ఉన్న మట్టి కట్టడాల ఫొటోలు చాలామటుకు ఎండు ప్రాంతాలవి. యెమెన్‌లో షిబామ్ అనే ఊరుంది, పచ్చి ఇటుకతో ఐదారు అంతస్తులు లేపారు, ఇంకా ఎత్తువీ ఉన్నాయి. మాలిలో జెన్నే మసీదు ఉంది, ఇప్పుడున్న కట్టడం 1907 నాటిది, ఏడాదికోసారి ఊరు ఊరంతా కలిసి దానికి మట్టి పూస్తారు, పండగలా చేస్తారు. ఏఐ ఇవన్నీ చూసి నేర్చుకుంది. మన తాటాకింటిని ఎవరు ఫొటో తీశారు? ఇంట్లో పెళ్లయినా పాత వంటిల్లు ఫ్రేములో పడకుండా జాగ్రత్తపడ్డాం.

పిన్నిగారు: ఊరంతా కలిసి పూస్తారా! మా ఊళ్లో ఎవరొచ్చారమ్మా? సంక్రాంతి ముందు నేనూ మా తోడికోడలూ పూసేవాళ్లం. మట్టి తెచ్చుకోవడం, పేడ కలపడం, గోడలు మెత్తడం, నేల అలకడం, మళ్లీ ముగ్గులు. వానాకాలం వెళ్లాక ఒకసారి, పండక్కి ఒకసారి. మగవాళ్లు కప్పు ఎక్కి తాటాకు వేస్తే అది పని, కూలీ కడతారు. మేము అలికితే అది ఇంటిపని.

(ఇక్కడ స్టూడియోలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను పక్కన పెట్టుకున్న ప్రశ్నల కాగితం ఆ తర్వాత పెద్దగా పనికి రాలేదు.)

లెక్చరర్: పిన్నిగారు అసలు ఖర్చు చెప్పారు. మట్టి ఇల్లు చవక అని మనం రాసే లెక్కల్లో ఈ శ్రమకి గడే ఉండదు. నేను మట్టికి వ్యతిరేకిని కాదు, కానీ భయపడేవాణ్ణి. 1986 ఆగస్టు వరదకి నేను చిన్నపిల్లాణ్ణి, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మొన్న 2022 జూలైలో 25 లక్షలు దాటింది, లంకల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. వాన తడిపితే గోడ ఆరుతుంది. నిలిచిన నీళ్లలో మూడు రోజులు నానితే అది గోడ కాదు, మళ్లీ అడుసే.

మేస్త్రి: అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గదండీ, ఆ సామెత పుట్టించినవాడు ఎప్పుడూ గోడ పెట్టుండడు. తొక్కకపోతే గోడెలా లేస్తుంది? వరిగడ్డి ముక్కలు వేసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే తొక్కి, ఒక వరస పెట్టి ఆరనిచ్చి ఇంకో వరస పెట్టేవాళ్లం. మా నాన్న చేత్తో పిసికి చూసి ఇసక ఎంత కలపాలో చెప్పేవాడు. సారు అన్నదాంట్లో అబద్ధం లేదు, 86లో లంకలో మట్టిళ్లు పోయాయి. అయితే మెరక మీద ఉన్నవి నిలబడ్డాయి కూడాను. నీళ్లు ఎందాకా వచ్చాయో మా ఊరి గుడి గోడ మీద గుర్తుంది. ఇప్పటికీ ఎవరికి పునాది వేసినా ఆ గుర్తు చూసే ఎత్తు చెప్తాను.

యాంకర్: ఆ గుర్తు ఏఐకి తెలుసా?

ఆర్కిటెక్ట్: తెలీదు. నాకైతే అసలు పని అక్కడే కనిపిస్తోంది. వరద అంచనా వేసే ఏఐ కొత్తేం కాదు, గూగుల్ 2018లో పట్నాలో మొదలుపెట్టింది. ధవళేశ్వరంలో 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అది అందరికీ తెలుసు. ఆ అంకె చూసి పిన్నిగారు తన అరుగు మీదకి నీళ్లొస్తాయో రావో ఎలా చెప్తారు? గుడి గోడల మీద, బడి మెట్ల మీద, కరెంటు స్తంభాల మీద ఉన్న 86 గుర్తులూ 2022 గుర్తులూ ఊరూరా ఫోన్‌తో ఫొటో తీసి, చోటు, ఎత్తు కొలిచి పెడితే, డ్రోన్ కొలతలతో కలిపి ఏ వీధిలో పునాది ఎంత లేపాలో అడుగుల్లో చెప్పించొచ్చు. ఆ లోపు ఈ అందమైన బొమ్మలు గీయించడం మానుకుంటే నయం.

లెక్చరర్: దాంతోపాటు మట్టి. డెల్టా అంతా ఒకటే మట్టి అనుకుంటారు, అదే మొదటి పొరపాటు. పొలాల్లో నల్లమట్టి, దాని బంకలో మోంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది, నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి కాలు పట్టేంత నెర్రెలిస్తుంది. లంకలో ఒండ్రు, ఏటి పక్కన ఇసక. సముద్రం వైపు వెళితే ఉప్పు. రాజమండ్రి దాటి మెట్టకి పోతే ఎర్రమట్టి. సిమెంటు కలిపి నొక్కే మట్టి దిమ్మెలకి పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్ వాళ్లు చెప్పే పాళ్లు గులక 15, ఇసక 50, ఒండ్రు 15, బంక 20 శాతం. మన నల్లమట్టిలో బంక అంతకంటే చాలా ఎక్కువ. దాన్ని అలాగే మిషన్‌లో పెట్టి నొక్కితే ఎండేసరికి పగులుతుంది. ఇసకన్నా కలపాలి, సున్నమన్నా కలపాలి. బంకమట్టికి సిమెంటు కంటే సున్నం బాగా పడుతుంది.

మేస్త్రి: సీసాలో వేసి చూడండి సారూ, ఇంత లెక్కెందుకు.

లెక్చరర్: అదే చెప్పబోతున్నాను. గాజు సీసాలో మూడో వంతు మట్టి, నిండా నీళ్లు, చిటికెడు ఉప్పు, బాగా గిలక్కొట్టి వదిలేయాలి. ఇసక నిమిషంలో దిగుతుంది, ఒండ్రు అరగంటలో, బంక మర్నాటికి గానీ దిగదు. పొరలు స్కేలుతో కొలుచుకుంటే పాళ్లు దాదాపుగా తెలిసిపోతాయి. ఫోన్‌తో సీసా ఫొటో తీస్తే పొరలు కొలిచి ఏం కలపాలో చెప్పే టూల్ చేద్దామని మా పిల్లలు ప్రాజెక్టు పెట్టుకున్నారు. సీసా వంపు దగ్గర లెక్క తప్పింది, బంకకీ ఒండ్రుకీ మధ్య గీత ఎక్కడో దానికి అర్థం కాలేదు. పాతిక సీసాలతో నేర్పితే ఏం నేర్చుకుంటుంది? ఊరికో పది చొప్పున, ఏ పాళ్లలో కలిపితే ఎంత బలం వచ్చిందో దిమ్మె నొక్కి చూసిన లెక్కలతో సహా ఇస్తే అది పనికొచ్చే వస్తువు అవుతుంది. పొడిగా కాదు, నానబెట్టి చూడాలి, తడిసిన దిమ్మెకి బలం సగానికి పడిపోవచ్చు. మట్టి దిమ్మెలకి ఐఎస్ 1725 అని భారతీయ ప్రమాణం ఉంది, మట్టి కట్టడాలు భూకంపానికి తట్టుకోవడం మీద 1993 నుంచి ఐఎస్ 13827 ఉంది. ఇవి ఉన్నాయని చెప్తే కొందరు ఇంజినీర్లే ఆశ్చర్యపోతారు.

యాంకర్: ఇటలీలో ప్రింటర్‌తో మట్టి ఇల్లు కట్టేశారట కదా మేడమ్?

ఆర్కిటెక్ట్: ఆ ఇంటి పేరు టెక్లా. రావెన్నా దగ్గర, 2021లో. అక్కడి మట్టినే 3డీ ప్రింటర్‌తో పొరలు పొరలుగా పోశారు, 200 గంటల్లో గోడా కప్పూ కలిసిపోయి, 60 చదరపు మీటర్లు. వాతావరణాన్ని బట్టి ఆకారం, గోడ మందం కంప్యూటర్ తేలుస్తుంది. ఆ లెక్కలు మనకీ కావాలి, ఏ గోడ ఎంత మందముంటే లోపల వేడి ఎంత తగ్గుతుందో...

మేస్త్రి: ఆ మిషన్ మా లంకకి పంటు మీద దాటుతుందాండీ?

(నవ్వులు. మేడమ్ కూడా నవ్వారు, కానీ ఒప్పుకోలేదు.)

ఆర్కిటెక్ట్: దాటకపోవచ్చు. మిషన్ కాకపోతే ఆలోచన దాటుతుంది కదా. బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లెటూరి బడి చూడండి, ఆ ఊరివాడే అయిన ఫ్రాన్సిస్ కెరె కట్టాడు, 2022లో ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది ఆయనకి. మట్టి దిమ్మెల గోడలు, దాని మీద కప్పు, ఆ కప్పుకి పైన గాలి ఆడేంత ఎడం వదిలి రేకు. వేడి మధ్యలోంచి పోతుంది, రేకు అంచు బయటికి చాలా దూరం వస్తుంది కాబట్టి గోడ తడవదు.

మేస్త్రి: అదేనండి చూరంటే.

పిన్నిగారు: మేము రేకుల్లో ఉంటున్నాం బాబూ. మే నెలలో మధ్యాహ్నం ఇంట్లో కూర్చోలేం, కొబ్బరిచెట్టు కింద మంచం వేసుకుంటాం. పాత మట్టింట్లో ఫ్యాను లేకపోయినా నిద్ర పట్టేది. అది నిజం. తేళ్లు వచ్చేవి, చెదలు పట్టేవి, పైన ఎలుకలు. అదీ నిజమే.

యాంకర్: మరి మీ అబ్బాయి కొత్తగా కట్టుకుంటే మట్టితో కట్టుకోమంటారా?

పిన్నిగారు: నేనంటాను. వాడు కట్టడు. పిల్లనిచ్చేవాళ్లు డాబా ఉందా అని అడుగుతారు గానీ లోపల చల్లగా ఉంటుందా అని అడుగుతారా?

లెక్చరర్: బ్యాంకు కూడా అదే అడుగుతుంది. తెలిసినతను మట్టి దిమ్మెలతో ప్లాను తీసుకుని ఒక బ్యాంకుకి వెళ్తే కచ్చా ఇంటికి లోను ఇవ్వం అన్నారు. దిమ్మె బలం రిపోర్టు చూపించినా చూడలేదు. జనాభా లెక్కల్లోనూ మట్టిగోడంటే కచ్చా కిందే రాసుకుంటారు. ప్రపంచం వదిలే కార్బన్‌డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు వల్లే అని మేం క్లాసులో చెప్తాం, సాయంత్రం ఇంటికెళ్లి స్లాబ్ ఎస్టిమేటు వేస్తాం. నేనూ అంతే, నాదీ డాబాయే.

ఆర్కిటెక్ట్: నా భయం ఇంకోటి. రేపు ఏఐ ప్లాన్లు పరిశీలించే రోజు వస్తుంది, పాత రికార్డుల్లో మట్టి అంటే కచ్చా, కచ్చా అంటే రిస్కు అని నేర్చుకుని ఉంటే బ్యాంకు మేనేజర్ అన్నదే అది ఇంకా వేగంగా అంటుంది. మేనేజర్‌ని బతిమాలుకోవచ్చు, దాన్ని ఎవరు బతిమాలతారు?

మేస్త్రి: నాకు తెలిసింది దానికి చెప్పమంటే చెప్తానండి, దాచుకునేదేం లేదు. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉన్నాడు, వాడికి మట్టి పిసకడం రాదు. ఇప్పుడు మా చుట్టుపక్కల వరస పెట్టి గోడ లేపేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్నాం. కాకపోతే నా చేత్తో చెప్పేది ఫోన్లో ఎలా చెప్పాలో తెలీదు. మట్టి వేలికి ఎంత అంటుకుంటే చాలు అనేదానికి మాటేముందండీ?

పిన్నిగారు: మరి అలికేదాని గురించి నన్నెవరన్నా అడుగుతారా?

ఆర్కిటెక్ట్: మిమ్మల్నే ముందు అడగాలి. పేడ ఎంత, మట్టి ఎంత, ఏ చెరువు మట్టి అయితే పగలదు, ఇవన్నీ మీ దగ్గరే ఉన్నాయి.

పిన్నిగారు: చెప్తాను. కూలీ ఎంతిస్తారో ముందు చెప్పండి.

(ఈ మాటకి మేస్త్రి గారు చప్పట్లు కొట్టారు. సరదాగా అన్నారనుకున్నాను, రికార్డింగ్ అయ్యాక కూడా ఆవిడ అదే అడిగారు.)

యాంకర్: ఒక ఫోన్ కాల్ ఉంది. చెప్పండి, ఎక్కడినుంచి?

ఫోన్‌లో: రాజోలు దగ్గరనుంచండి. మాది తాతల నాటి మట్టిగోడల పెంకుటిల్లు. ఈమధ్య గోడకి కింద రెండడుగుల మేర ఉప్పు తేలి రాలిపోతోంది. పక్కన రొయ్యల చెరువు తవ్వారు. ఏఐని అడిగితే వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూయమంది. పూయించమంటారా?

మేస్త్రి: వద్దు వద్దు. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి ఉండదు, ఇంకా పైకి ఎక్కుతుంది. రెండడుగులు ఉన్న ఉప్పు నాలుగడుగులు అవుతుంది. రాలుతున్నదంతా గీకేయండి. ఎండనివ్వండి. ముందు చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా చుట్టూ కాలవ తీయండి, చెరువు వైపు కాస్త లోతుగా. తర్వాత సున్నం, ఇసక కలిపి పల్చగా పూయించండి. ఏడాదికో రెండేళ్లకో అది మళ్లీ రాలుతుంది, రాలనివ్వండి. రాలితే పూత రాలుతుంది, గోడ రాలదు.

లెక్చరర్: మేస్త్రి గారు చెప్పిందే నేనూ చెప్తాను. కానీ చెరువు ఊట ఆగకపోతే ఇది ఏటా ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

ఫోన్‌లో: గానుగ సున్నం ఇప్పుడెక్కడ దొరుకుతుందండీ?

మేస్త్రి: అమలాపురం వచ్చినప్పుడు ఫోన్ చేయండి, చెప్తాను. వచ్చేటప్పుడు గోడ మట్టి ఒక సీసాలో వేసుకు రండి. పొడిగా. నీళ్లు నేను పోస్తాను.