చెత్త పన్ను: నెలకు 120 రూపాయల మీద మూడేళ్ల పోరు

[తెర మీద: తెల్లవారుతున్న వీధి. ఒక గేటు పక్కన వరసగా మూడు డబ్బాలు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు.]

ఈ మూడు డబ్బాలు గుర్తున్నాయా? ఆంధ్రప్రదేశ్‌లో ఏ పట్టణంలో ఉన్నవారైనా ఇట్టే గుర్తుపడతారు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలం పొడి చెత్తకు, ఎరుపు ప్రమాదకరమైన చెత్తకు. 2021లో ఇవి ఇంటింటికీ వచ్చాయి. వాటి వెనకాలే రసీదు పుస్తకం కూడా వచ్చింది. నగరాల్లో మామూలు ఇంటికి నెలకు 120 రూపాయల వరకు, మురికివాడల్లో కొంత తక్కువ, దుకాణాలకు, హోటళ్లకు వాటి స్థాయిని బట్టి ఇంకా ఎక్కువ.

అధికారులు దానికి పెట్టిన పేరు వినియోగ రుసుము. జనం పెట్టిన పేరు చెత్త పన్ను. చివరికి జనం పెట్టిన పేరే నిలిచింది. అసలు గొడవంతా ఆ పేరులోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

[తెర మీద: రెండు పదాలు. పన్ను. రుసుము.]

పన్నుకు, రుసుముకు తేడా ఏమిటి? ఇంటి పన్ను కట్టాను కాబట్టి ఆ డబ్బుతో మా ఇంటి ముందే దీపం వేయాలని ఎవరూ పట్టుబట్టలేరు. పన్ను అందరి ఖజానాలోకి వెళ్లి, అందరి అవసరాలకూ ఖర్చవుతుంది. అందుకే చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణంలో గట్టిగా చెప్పింది. రుసుము అలాంటిది కాదు. అది బస్సు టికెట్టు వంటిది. ఫలానా సేవ అందుకున్నందుకు ఫలానా డబ్బు. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరచి చెప్పింది. సేవకు, దానికి తీసుకునే సొమ్ముకు మధ్య సంబంధం కనిపించాలన్నది ఆ తీర్పులోని కీలకం.

ఇప్పుడు చెత్త విషయానికి రండి. బస్సు టికెట్టు ధర ఎక్కువైతే బస్సు ఎక్కడం మానేయవచ్చు. చెత్త బండిని మాత్రం వద్దనలేము. వద్దనకూడదు కూడా. నేను డబ్బు కట్టనని చెప్పి కుళ్లిన కూరగాయలు కాలువలో పడేస్తే, దోమలు పక్కింటి పసిపిల్లను కుడతాయి. అందుకని ఈ సేవ తప్పనిసరి కావడంలో తప్పు లేదు. నాకు అందులో రెండో మాట లేదు. కానీ వద్దనే వీలు లేని సేవకు డబ్బు అడిగేటప్పుడు, అడిగేవారి బాధ్యత రెట్టింపవుతుంది. లెక్క చూపాలి. సేవ సరిగ్గా అందాలి. ముందుగా జనాన్ని అడగాలి. ఈ మూడూ జరగకపోవడం వల్లనే జనం వీధిలోకి వచ్చారు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఇంటి పన్ను ఒకే అంకెలా కనిపిస్తుంది గానీ, చట్టంలో దానికి భాగాలున్నాయి. 1965 నాటి పురపాలక చట్టాన్ని తీసుకున్నా, నగరపాలక సంస్థలకు మూలమైన 1955 నాటి చట్టాన్ని తీసుకున్నా, సాధారణ పన్నుతో పాటు నీటి పన్ను, మురుగు పన్ను, వీధి దీపాల పన్ను, పారిశుద్ధ్యపు పన్ను అన్న మాటలు కనిపిస్తాయి. అంటే వీధి ఊడ్చి చెత్త ఎత్తడం కోసం మన తాతల కాలం నుంచీ పన్ను కడుతూనే ఉన్నాము. మరి మళ్లీ ఈ 120 ఎందుకు? కాలనీ సంఘాలు వేసిన మొదటి ప్రశ్న ఇదే. తిరుగులేని ప్రశ్న.

[తెర మీద: కాగితాల కట్ట. దాని మీద 2016, 2020 అన్న అంకెలు.]

ఈ రుసుము ఒక్క రాష్ట్రంలో ఎవరికో ఉన్నట్టుండి తట్టిన ఆలోచన కాదు. 2016 ఏప్రిల్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. చెత్తను మూడు రకాలుగా వేరు చేసి ఇవ్వాలని, స్థానిక సంస్థలు నిర్ణయించిన వినియోగ రుసుము చెల్లించాలని వాటిలో ఉంది. నాలుగేళ్ల తర్వాత కరోనా వచ్చింది. రాష్ట్రాల ఖజానాలు ఖాళీ అయ్యాయి. అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం అనుమతిస్తూనే కొన్ని షరతులు పెట్టింది. పట్టణాల్లో ఇంటి పన్నును ఆస్తి విలువకు ముడిపెట్టడం, నీటికి, మురుగుకు కనీస చార్జీలు నిర్ణయించడం అందులో ఒకటి. ఆ షరతును అందరికంటే ముందు పూర్తి చేసిన రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. అందుకు ప్రతిగా 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్ల రూపాయల అదనపు రుణానికి అనుమతి వచ్చింది.

2020 నవంబరులో వచ్చిన 196, 197, 198 జీవోల గురించి మీరు గోడల మీద చదివే ఉంటారు. ఆస్తి విలువ ఆధారంగా ఇంటి పన్ను అందులోదే. ఏడాదికి 15 శాతానికి మించి పెంచబోమని ప్రభుత్వం అన్నది. అయితే ఏటా 15 శాతం పెంచుతారన్నమాట అని జనం అర్థం చేసుకున్నారు. ఒక పక్క ఇంటి పన్ను, మరో పక్క నీటి చార్జీ, వాటి మీద చెత్త రుసుము. కరోనాలో ఉద్యోగాలు పోయిన ఇళ్ల మీద, తలుపులు మూసుకున్న చిన్న దుకాణాల మీద ఇవన్నీ ఒకేసారి పడ్డాయి.

2021 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి విజయవాడలో జెండా ఊపి క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమాన్ని ప్రారంభించారు. క్లాప్ అని పిలిచారు. నాలుగు వేలకు పైగా కొత్త వాహనాలు బారులు తీరి కదిలాయి. చూడడానికి బాగుంది. నిజం చెప్పాలంటే ఆ బండ్లు అవసరం కూడా. అంతకుముందు తోపుడు బండితో ఎండలో వీధులన్నీ తిరిగిన కార్మికుల కష్టం చూసినవారెవరూ వాహనం వద్దనరు.

[తెర మీద: బండి వెనక భాగం. డబ్బా ఒంపుతున్న చేతులు.]

మా వీధిలో జరిగినది చెబుతాను. మా అమ్మ పద్ధతిగల మనిషి. అరటి తొక్కలు ఆకుపచ్చ డబ్బాలో, పాల కవర్లు కడిగి ఆరబెట్టి నీలం డబ్బాలో వేసేది. ఒక రోజు బండి దగ్గర నిలబడి చూస్తే, ఆ కార్మికుడు రెండు డబ్బాలనూ ఒకే చోట ఒంపేశాడు. "అయ్యో, ఇంత కష్టపడి వేరు చేస్తే కలిపేశావేమిటి నాయనా?" అని అడిగింది. "ఏమి చేయమంటారమ్మా, అక్కడ యార్డులో ఉన్నది ఒకటే కుప్ప" అన్నాడతను. అతని మీద కోపం రాలేదు. అతని చేతులకు తొడుగులు కూడా లేవు. ఆ నెల రసీదు మాత్రం అమ్మ చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది.

రసీదు తెచ్చేది ఎవరు? వార్డు సచివాలయంలో పారిశుద్ధ్య కార్యదర్శి. పాతికేళ్ల పిల్లలు. ఇన్ని ఇళ్లు, ఇంత వసూలు అని పైనుంచి లక్ష్యం. వసూలు తగ్గితే సమీక్షలో మాట పడాలి. గడప దగ్గర జనం తిడతారు, ఆఫీసులో అధికారి తిడతాడు. నిర్ణయం తీసుకున్నవారు ఎక్కడో ఉంటే, గడప దగ్గర తలవంచుకుని నిలబడింది ఆ పిల్లలే. ఈ పోరాటం గురించి మాట్లాడేవారు వాళ్లను తరచుగా మరిచిపోతారు.

కోపం కట్టలు తెంచుకున్నది 2022లో. కర్నూలులో రుసుము కట్టని దుకాణాల ముందు నగరపాలక సిబ్బంది చెత్త తెచ్చి కుమ్మరించారు. ఆ దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. చెత్తను వీధిలో పడేయకూడదని చెప్పిన 2016 నియమాల పేరు మీదనే వసూలవుతున్న రుసుము కోసం, చెత్తను వీధిలో పోశారు. కట్టనివాడి వాకిట్లో చెత్త పోయడం వసూలు కాదు, అవమానం. తెలుగు ఊళ్లలో మనిషి అప్పునైనా మరిచిపోతాడు గానీ, వాకిట్లో జరిగిన అవమానాన్ని మరిచిపోడు.

[తెర మీద: సచివాలయం ముందు గుమిగూడిన కాలనీవాసులు. చేతుల్లో వినతిపత్రాలు.]

మరి జనం ఎలా కూడగట్టుకున్నారు? పార్టీల సంగతి మీకు తెలుసు. వామపక్షాలు మొదటి నుంచీ ధర్నాలు చేశాయి, తెలుగుదేశం, జనసేన దీన్ని ఎన్నికల మాటగా మార్చాయి. వాటితో పాటు పట్టణ పౌర సంఘాల సమాఖ్య, పన్ను చెల్లింపుదారుల సంఘాలు, విశాఖలో, విజయవాడలో అపార్టుమెంటు సంఘాలు ఉన్నాయి. వీటిలో చాలావరకు విశ్రాంత ఉద్యోగులు, ఉపాధ్యాయులు. జీవో చదివి, ఏ వాక్యం ఏమి చెబుతుందో కరపత్రంలో తేలిక మాటల్లో రాసి పంచినది వాళ్లే. ఆ ఓపిక లేకపోతే 196కూ 198కూ తేడా ఎవరికి తెలిసేది?

మా అపార్టుమెంటులోనూ మీటింగు పెట్టారు. ఇరవై నాలుగు ఇళ్లు. మొదట్లో సగం మంది కడితే పోతుంది కదా అన్నారు. మూడో అంతస్తులో ఉండే విశ్రాంత తెలుగు పంతులుగారు లేచి, "కడదాం బాబూ, కట్టనని నేనెక్కడన్నాను? ఏడాదికి 1,440 రూపాయలు. ఇరవై నాలుగు ఇళ్లకు 34,560. ఈ డబ్బు ఎక్కడికి పోతోందో ఒక కాగితం మీద రాసి ఇమ్మందాం. ఇస్తే కడదాం" అన్నారు. ఆ మాటతో గది నిశ్శబ్దమైంది. ఉత్తరం రాశాము, అందరం సంతకాలు చేశాము. జవాబు రాలేదు. మేము కట్టలేదు.

ఇలా కట్టకుండా ఊరుకున్న ఇళ్లే ఈ పోరాటంలో అసలు బలం అని నా నమ్మకం. నినాదం లేదు, జెండా లేదు. రేపు రండి అని తలుపు వేసుకోవడమే.

[తెర మీద: చీరాల పట్టణం పాత ఛాయాచిత్రం.]

ఇక్కడ చీరాలను తలచుకోకుండా ముందుకు వెళ్లలేను. వందేళ్ల కిందట మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. జనాన్ని అడిగినవారు లేరు. పన్నుల భారం ఒక్కసారిగా అనేక రెట్లు పెరిగింది. నేతపనివారు, చిన్న రైతులు నిండిన ఊళ్లు అవి. జనం పన్ను కట్టబోమన్నారు, కొందరు జైలుకు వెళ్లారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చి, అహింసతో పన్ను నిరాకరించండి, లేదా ఊరు విడిచి వెళ్లండి అని రెండు దారులు చెప్పారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో పదిహేను వేల జనాభాలో అత్యధికులు ఇళ్లు విడిచి, మునిసిపాలిటీ హద్దు బయట తాటాకు పాకలు వేసుకున్నారు. ఆ చోటుకు రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండకు, వానకు ఓర్చి సుమారు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్యను జైలులో పెట్టాక, చేతిలో డబ్బు అయిపోయాక తిరిగి వచ్చారు. మునిసిపాలిటీ ఉండిపోయింది.

మునిసిపాలిటీ అంటే మంచి నీరు, శుభ్రమైన వీధులు అని ప్రభుత్వం చెప్పింది. చీరాల మనిషి అడిగినది ఒక్కటే: మమ్మల్ని ఎందుకు అడగలేదు? 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ఘన వ్యర్థాల నిర్వహణను పట్టణ సంస్థలు చూసుకోవలసిన పద్దెనిమిది అంశాల్లో చేర్చింది. అంటే చెత్త గురించి తేల్చవలసినది మీ వార్డు ప్రతినిధి కూర్చునే కౌన్సిల్. 2021లో రేటు, పద్ధతి, గడువు అన్నీ పైనుంచి వచ్చాయి. కౌన్సిళ్ల చేతిలో మిగిలింది తీర్మానం మీద సంతకం.

[తెర మీద: 2024.]

2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. అక్టోబరు 2న, మళ్లీ గాంధీ జయంతి నాడే, మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెత్త పన్ను రద్దు ప్రకటించారు. డిసెంబరు 31 నుంచి రద్దు అమల్లోకి వచ్చింది. సంబరాలు జరిగాయి. మేమూ మిఠాయి పంచుకున్నాము.

అయితే రసీదు పోయింది గానీ చెత్త పోలేదు. పట్టణాల్లో పేరుకుపోయిన పాత చెత్త 85 లక్షల టన్నులని కొత్త ప్రభుత్వమే చెప్పింది. క్లాప్ వాహనాల డ్రైవర్లు జీతాల కోసం రుసుము ఉన్నప్పుడూ సమ్మె చేశారు. అటు హైదరాబాదులో 2015లో వచ్చిన స్వచ్ఛ ఆటోలకు ఇంటివారే నెలనెలా డ్రైవరు చేతికి డబ్బు ఇస్తున్నారు. అక్కడ బేరం మనిషికీ మనిషికీ మధ్య. బండి రెండు రోజులు రాకపోతే ఎవరిని అడగాలో తెలుసు. కానీ ఆ డ్రైవరుకు నికరమైన జీతం లేదు. ఆ పద్ధతిని మంచిదని నేను చెప్పలేను.

ఇప్పుడు బండి ఖర్చు ఎవరు భరిస్తున్నారు? మనమే, వేరే పద్దు కింద. అందుకే పంతులుగారి ప్రశ్న ఇంకా అలాగే ఉంది. సమాచార హక్కు చట్టం కింద మీ పురపాలక కార్యాలయానికి దరఖాస్తు పెట్టవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. చెత్త వాహనాల అద్దెకు ఏడాదికి ఎంత, కార్మికుల జీతాలకు ఎంత, వేరు చేసిన తడి చెత్తలో ఎంత ఎరువుగా మారింది, మిగిలినది ఎక్కడికి వెళ్లింది అని అడగండి. ఒక్కరు కాకుండా, వీధిలో పది ఇళ్లవాళ్లు తలా ఒక దరఖాస్తు పెట్టండి.

[తెర మీద: తెల్ల కాగితం. దాని మీద వణుకుతున్న, గుండ్రని చేతిరాత.]

ఇది మా పంతులుగారు పోయిన వారం రాసిన దరఖాస్తు. ఈసారి రసీదు చేతికి తీసుకున్న తర్వాతే కార్యాలయం నుంచి కదిలారు.