పోగు తెగితే ఆగే మగ్గం
(చేనేత దినోత్సవం సందర్భంగా వరంగల్ కొత్తవాడలో ఒక ఎంబీఏ విద్యార్థిని చేసిన ప్రసంగం)

కొత్తవాడ పెద్దలకు, చేనేత సొసైటీ సభ్యులకు, మగ్గం మీంచి లేచి నేరుగా ఇక్కడికే వచ్చిన అక్కలకు, అన్నలకు నమస్కారం.

చదువులో భాగంగా మా బ్యాచ్‌ను జపాన్ తీసుకెళ్లారు. బుల్లెట్ రైలు ఎక్కాం, గుళ్లు చూశాం, కంపెనీ ఆఫీసుల్లో కూర్చుని స్లైడ్లు చూశాం. అవన్నీ మీకు ఫోన్‌లో కూడా కనిపిస్తాయి. ఈ సభలో చెప్పాలని నేను దాచుకున్నవి రెండు ఊళ్ల సంగతులు. రెండూ నూలు పనికి చెందినవే.

మొదటిది నగోయా. టొయోటా అంటే మనకు కార్లే. కానీ ఆ ఇంటి మొదలు మగ్గం. సకిచి టొయోడా ఒక వడ్రంగి కొడుకు. 1891లో చెక్క చేమగ్గానికి తొలి పేటెంట్ తీసుకున్నాడు. 1924 నాటికి ఆటోమేటిక్ మగ్గం తయారుచేశాడు. దాని పేటెంట్ హక్కుల కోసం 1929లో ఇంగ్లండ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ ఒప్పందం చేసుకుంది. మిల్లు యంత్రాలను లోకమంతటికీ అమ్మిన దేశం, ఒక వడ్రంగి కొడుకు ఆలోచనకు డబ్బు కట్టింది! కార్ల పని ఆ తరవాత ఆయన కొడుకు కీచిరో మొదలుపెట్టాడు. వాళ్ల పాత మిల్లు ఎర్ర ఇటుక భవనంలోనే 1994లో మ్యూజియం తెరిచారు.

అక్కడ ఒకామె నడుస్తున్న మగ్గం దగ్గర నిలబడి, పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒక్క పోగును తెంపింది. మగ్గం ఠక్కున ఆగింది. పోగు బిగువుగా ఉన్నంతసేపు పైన నిలిచే చిన్న రేకు, పోగు తెగగానే కిందికి జారుతుంది, మగ్గాన్ని ఆపేస్తుంది. లోపమున్న బట్ట ఒక్క జానెడు కూడా ముందుకు పోదు. వాళ్ల కార్ల ఫ్యాక్టరీలోనూ ఇదే పద్ధతి. ఎక్కడైనా తేడా కనిపిస్తే కార్మికుడు తాడు లాగుతాడు, సమస్య తేలకపోతే లైన్ ఆగుతుంది. కింద పనిచేసే మనిషికి పని ఆపే హక్కు ఇచ్చారన్న మాట. మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఎన్నిసార్లు విన్నా ఎక్కని విషయం నాకు ఆ తెగిన పోగు దగ్గర అర్థమైంది.

మా తాత ఆజంజాహి మిల్లు కార్మికుడు. 1934లో ఏడో నిజాం కాలంలో మొదలై, తరవాత మూతపడిన బట్టల మిల్లు అది. అది నడిచిన రోజులు చూడని నాలాంటి వాళ్లకు దాని గురించి తెలిసిందంతా ఇంట్లో విన్నదే. నగోయాలో బడిపిల్లలు పత్తి చేత్తో పట్టుకుని దారం తీస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ మాట ఇంతటితో ఆపేస్తాను, ఎందుకంటే రెండో ఊరి సంగతి మీకు ఇంకా ఎక్కువ అవసరం.

ఆ ఊరు ఇమబరి, షికోకు దీవిలో ఉంటుంది. తువాళ్లకు పేరు. చుట్టుపక్కల నీళ్లు మెత్తనివి కాబట్టి నూలు తెల్లగా, మృదువుగా వస్తుంది. 1990ల తరవాత బయటి దేశాల నుంచి చవక తువాళ్లు వచ్చి పడ్డాయి. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈ కథ మనకు కొత్తేమీ కాదు. మిగిలిన మిల్లుల వాళ్లు 2006లో ఒక్కచోట కూర్చుని ఉమ్మడి పేరు, ఉమ్మడి గుర్తు పెట్టుకున్నారు. అక్కడితో ఆగలేదు. ఆ గుర్తు వేసుకోవాలంటే తువాలు పరీక్షలు నెగ్గాలి. ఒక సెంటీమీటరు ముక్క కోసి నీళ్లలో వేస్తారు. 5 సెకన్లలోపు మునగడం మొదలవ్వాలి. మునగలేదంటే గుర్తు లేదు. మాకు చేసి చూపించారు. ఆ ముక్క నీటిమీద ఒక్క క్షణం తేలింది, అంచులు తడిశాయి, కిందికి దిగిపోయింది. అంతే. కొనేవాడు కూడా ఇంట్లో గిన్నెడు నీళ్లతో చేసుకోగలిగిన పరీక్ష ఇది. గుర్తు చీటీ మీద ఏ మిల్లు నేసిందో తెలిపే నంబరు కూడా ఉంటుంది.

ఇక మన దర్రీలు, అంటే జంపఖానాలు. 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో ఓరుగల్లు తివాచీలు పెట్టారు. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. సంతోషమే. కానీ జీఐ కాగితం వేరు, కొనే మనిషికి కలిగే నమ్మకం వేరు. మిల్లు జంపఖానా పక్కన మన చేమగ్గం జంపఖానా పెడితే, దూరపు ఊరి కొనుగోలుదారుకు తేడా ఎట్లా తెలుస్తుంది? ధర ఎక్కువని మాత్రం తెలుస్తుంది. మిగిలింది మనం చెప్పాలి, చూపించాలి.

ఒక మాట స్పష్టంగా చెప్తాను. ఇమబరివి మిల్లులు, మనది గుంటలో కాళ్లు పెట్టి చేత్తో నేసే గుంట మగ్గం. వాళ్ల యంత్రం మనకొద్దు, వాళ్ల వేగం అసలే వద్దు. వాళ్లు తమ సరుకుకు తామే పెట్టుకున్న నాణ్యత గీత కావాలి. ఆ గీత ఏమిటో ఎంబీఏ చదివిన నేను చెప్పలేను. పేక, అంటే అడ్డపోగు, ఎంత గట్టిగా కొడితే దర్రీ ఏళ్లు నిలుస్తుందో, ఏ రంగు ఎన్ని ఉతుకులకు దిగుతుందో, అంచు ఎక్కడ ముందు విడిపోతుందో మీ చేతులకు తెలుసు. పరీక్ష మీరే పెట్టాలి. పాసైన దర్రీ మీద నేసినవాళ్ల నంబరు ఉండాలి. అప్పుడు మంచి పనితనానికి మంచి కూలి అడగడానికి చేతిలో ఆధారం ఉంటుంది. ఇప్పుడైతే మంచి దర్రీ నేసినవాళ్లకూ, అంతంతమాత్రంగా నేసినవాళ్లకూ ఒకే లెక్క కడుతున్నారు. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది.

అందుకే సొసైటీ పెద్దలను ఒక్కటి అడుగుతున్నా. వచ్చే మీటింగుకు ఇంట్లో ఏళ్లుగా వాడిన పాత దర్రీ ఒకటి, కొత్తది ఒకటి ప్రతి ఒక్కరూ తీసుకురండి. రెండూ ఉతికి, ఎండలో ఆరేసి, పక్కపక్కన పెట్టి చూద్దాం. రాతపని, కొలతల పని మా బ్యాచ్ పిల్లలం చేస్తాం. ఏది పాసో ఏది ఫెయిలో మీరు చెప్పండి. నమస్కారం.