"సౌండ్ బాలేదన్నా" అంటే ఏం బాలేదు?

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినిపిస్తోందా? సరే. నా మాటతో పాటు స్పీకర్లలోంచి సన్నగా గుయ్‌మని ఇంకో మోత కూడా వస్తోంది కదా. దాన్ని అలాగే ఉండనివ్వండి, చివర్లో దానితో పనుంది.

మాది రాజమండ్రి. చిన్న కంప్యూటర్ రిపేర్ షాపు. అంతకుముందు అదే గదిలో నెట్ సెంటర్ నడిపాను. గంటకి 20 రూపాయలు, 8 సిస్టమ్స్, సాయంత్రమైతే కౌంటర్ స్ట్రైక్ ఆడే కుర్రాళ్లు. ఆ ఆటలో గోడ అవతల ఎవరున్నారో అడుగుల చప్పుడుని బట్టే పసిగట్టాలి. అందుకని బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా సర్దుకునేవాళ్లు గానీ, సౌండ్ తేడా వస్తే మాత్రం ఊరుకునేవాళ్లు కాదు. "అన్నా, సౌండ్ బాలేదన్నా!" అప్పటి నుంచి ఇప్పటిదాకా నా దగ్గరికొచ్చే కంప్లయింట్ ఈ మూడు ముక్కలే.

ఏం బాలేదు? కడుపునొప్పని వెళ్తే డాక్టరు వెంటనే మాత్ర రాసివ్వడు. మంటా, పోటా, మెలిపెట్టినట్టుందా అని అడుగుతాడు. సౌండ్‌కీ అంతే. చిటపటలాడుతోందా, గుయ్‌మంటోందా, నూతిలోంచి మాట్లాడినట్టుందా, మాటలు పోయి మ్యూజిక్ ఒక్కటే వస్తోందా? మన భాషలో చప్పుళ్లకి బోలెడు మాటలున్నాయి, ఒక్కో మాట వెనక ఒక్కో జబ్బుంది. ఇవేవీ అడక్కుండా "డ్రైవర్ అప్‌డేట్ చెయ్, గేమ్ తీసేసి మళ్లీ ఎక్కించు" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఒక కుర్రాడి సంగతి చెప్తాను. గేమ్‌లో మనుషులు నోళ్లు కదుపుతున్నారు, మాట రాదు. వాన చప్పుడు, మ్యూజిక్ మాత్రం వస్తున్నాయి. 60 జీబీ గేమ్ తీసేసి, ఫోన్ హాట్‌స్పాట్ మీద మూడు రాత్రులు కూర్చుని మళ్లీ దింపుకున్నాడట. అయినా అదే మూగనోము. ఇక విండోస్ ఫార్మాట్ కొట్టించుకుందామని సీపీయూ చంకన పెట్టుకుని షాపుకొచ్చాడు. నేను గేమ్ తెరవనేలేదు. అతని ఫోల్డర్లో ఉన్న ఓ సినిమా పాట పెట్టి, అతని హెడ్‌సెట్టే చెవులకి తగిలించుకున్నాను. వయొలిన్లు ఉన్నాయి, కోరస్ ఉంది, పాడేవాడు లేడు! ఎక్కడో దూరంగా ఆయన గొంతు తాలూకు ప్రతిధ్వని మాత్రం దెయ్యంలా తిరుగుతోంది. వంగి చూస్తే కేబినెట్ ముందు సాకెట్లో పిన్ను పూర్తిగా దిగలేదు, బియ్యపుగింజంత బయటే ఉంది. లోపల దుమ్ము గట్టిపడిపోయింది. సిస్టమ్ ఆపి, దుమ్ము దులిపి, టక్కుమనేదాకా నొక్కాను. గాయకుడు దిగొచ్చాడు. ఆ అబ్బాయి మొహంలో సంతోషం కంటే మూడు రాత్రుల ఏడుపే ఎక్కువ కనిపించింది.

ఎందుకలా అవుతుందో కాస్త నిదానంగా చూద్దాం. హెడ్‌ఫోన్‌లో ఎడమకి ఒక తీగ, కుడికి ఒక తీగ, రెండింటికీ ఉమ్మడిగా ఒక గ్రౌండ్. పిన్ను సరిగ్గా దిగకపోతే గ్రౌండ్ తెగుతుంది. అప్పుడు కరెంటుకి ఎడమ స్పీకర్లోంచి కుడి స్పీకర్లోకి పోవడం తప్ప వేరే దారి లేదు. అంటే మన చెవికి చేరేది ఎడమకీ కుడికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. పాడేవాడి గొంతూ, గేమ్‌లో డైలాగూ మామూలుగా రెండు వైపులా సమానంగా ఉంటాయి. సమానమైనవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, తేడా ఉన్నవి మిగులుతాయి. ఫోన్ హెడ్‌సెట్లకి నాలుగు పట్టీల పిన్నుంటుంది కదా, అందులో మైకు పట్టీ, గ్రౌండ్ పట్టీ తారుమారుగా ఉన్న రకాన్ని పెట్టినా ఇదే తంతు. దానికో గమ్మత్తు పరీక్ష ఉంది. వైరు మీదున్న కాల్ బటన్ నొక్కి పట్టుకోండి. మాటలు వస్తాయి. వదలండి, పోతాయి. ఆ బటన్ చేసే పని మైకునీ గ్రౌండ్‌నీ కలపడమే మరి.

అదే, పాటలో గాయకుడు బాగానే ఉండి గేమ్‌లో మాత్రమే డైలాగులు పోయాయనుకోండి, అప్పుడు పిన్నుని తిట్టకండి. విండోస్‌లో స్పీకర్లు 5.1 అనో 7.1 అనో, అంటే గది చుట్టూ ఆరో ఎనిమిదో స్పీకర్లున్నట్టు, పెట్టి ఉంటాయి. గేమ్ దాన్ని నమ్మి డైలాగుల్ని మధ్య స్పీకర్‌కి పంపిస్తుంది. మీ చెవులకి ఉన్నవి రెండే, మధ్య స్పీకర్ ఎక్కడుంది? విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎం, ఎం, ఎస్, వై, ఎస్, చుక్క, సి, పి, ఎల్ అని కొట్టండి. పాత సౌండ్ పెట్టె తెరుచుకుంటుంది. మీ హెడ్‌ఫోన్‌ని ఎంచుకుని, కాన్ఫిగర్‌లో స్టీరియో పెట్టి, గేమ్ మూసి మళ్లీ తెరవండి. జబ్బు పైకి ఒకేలా ఉంది, కారణాలు మాత్రం రెండు. ఒక్క సినిమా పాటతో విడదీయగలిగాం చూశారా.

ఇక చిటపటలు. నూనెలో ఆవాలు వేసినట్టు. గేమ్‌లో ఎక్కువమంది వినే చప్పుడు బహుశా ఇదే. మామూలుగా సౌండ్ సెకనుకి 48,000 ముక్కలుగా పోతుంది. విండోస్ దాన్ని సాధారణంగా 10 మిల్లీసెకన్ల వాయిదాల్లో తీసుకుంటుంది, అంటే వాయిదాకి 480 ముక్కలు. బంతి భోజనం గుర్తు తెచ్చుకోండి. విస్తట్లో అన్నం అయిపోయేలోపు వడ్డించేవాడు తిరిగి రావాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే విస్తరి ఖాళీ. సౌండ్ కార్డు మర్యాదస్తురాలు కాదు, ఆగి ఎదురుచూడదు. ఖాళీనే వినిపిస్తుంది. ఆ ఖాళీయే మీరు విన్న చిట్‌మనే చప్పుడు.

వడ్డించేవాడు ఎందుకు ఆలస్యమయ్యాడన్నదే అసలు ప్రశ్న. గేమ్ ప్రాసెసర్‌ని నూటికి నూరుపాళ్లూ తినేస్తుండొచ్చు. అప్పుడు ఫ్రేమ్ రేటుని, అంటే సెకనుకి గీసే బొమ్మల సంఖ్యని, 60కి కట్టేసి చూడండి, చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది. లాప్‌టాప్ బ్యాటరీ మీదుంటే ప్రాసెసర్ పొదుపులోకి వెళ్తుంది. మే నెలలో మన రాజమండ్రి ఎండకి అయితే ఛార్జర్ పెట్టినా వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. సాయంత్రం చిటపటలాడి, తెల్లవారుజామున శుభ్రంగా ఆడుతోందంటే సాఫ్ట్‌వేర్‌లో వెతక్కండి, ఫ్యాన్ విప్పి దుమ్ము చూడండి.

ప్రాసెసర్ ఖాళీగానే ఉండి కూడా చిటపటలొస్తే, ఇంకెవరో వడ్డించేవాడిని వాకిట్లో ఆపి కబుర్లు పెట్టుకున్నారన్నమాట. అంటే వేరే డ్రైవర్, కంప్యూటర్లో ఒక్కో పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం. వైఫైది కావచ్చు, గ్రాఫిక్స్ కార్డుది కావచ్చు. లేటెన్సీమాన్ అని ఒక ప్రోగ్రాం ఉంది. దాన్ని నడుపుతూ పది నిమిషాలు గేమ్ ఆడితే, ఏ డ్రైవర్ ఎంతసేపు దారికి అడ్డం నిలబడిందో పేరు పెట్టి చూపిస్తుంది. ఆ పేరు తెలిశాక అప్పుడు అప్‌డేట్ చెయ్యండి, కాదనను. దానికి ముందు వైఫై ఆపి ఐదు నిమిషాలు ఆడి చూడటానికి ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. లైనక్స్‌లో ప్రోటాన్ మీద, అంటే విండోస్ గేమ్‌లని అక్కడ నడిపే ప్రోగ్రాం మీద, ఆడేవాళ్లు పల్స్ లేటెన్సీ విలువని, అంటే సౌండ్‌ని ఎంతసేపటికి సరిపడా ముందే పోగేసుకోవాలో చెప్పే సెట్టింగుని, 60 మిల్లీసెకన్లకి పెంచి చూస్తారు. విస్తరి పెద్దదైతే వడ్డన ఆలస్యమైనా చెల్లుతుంది. అయితే తుపాకీ పేలిన కాస్సేపటికి చప్పుడొస్తుంది, అది మీ ఓపిక.

నూతిలోంచి మాట్లాడినట్టుంటే మీది బ్లూటూత్ హెడ్‌సెట్టేనని చూడకుండానే పందెం కాస్తాను. మామూలు బ్లూటూత్ పాటలకి ఒక పద్ధతిలో, మైకు కావాలంటే ఫోన్ కాల్ పద్ధతిలో నడుస్తుంది. గేమ్‌లో వాయిస్ చాట్ తెరవగానే రెండో దాంట్లోకి దూకుతుంది, స్టీరియో పోయి గొంతు బొంగురుపోతుంది. మైకు వేరేది పెట్టుకోండి, అంతే.

స్నేహితుడితో కాల్ కలవగానే గేమ్ సౌండ్ గుసగుసలాగా తగ్గిపోతోందంటే అది విండోస్ గారి మర్యాద. ఇందాక చెప్పిన పెట్టెలోనే కమ్యూనికేషన్స్ అనే చోట, మిగతా శబ్దాల్ని 80 శాతం తగ్గించు అని ముందే టిక్కు పెట్టి ఉంటుంది. ఏమీ చెయ్యొద్దు అనేదానికి మార్చండి. అసలు చప్పుడే లేదంటే, సౌండ్ స్పీకర్లు లేని మానిటర్‌కి హెచ్‌డీఎంఐ వైరులోంచి పోతోందేమో చూడండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాక ఇది మామూలే.

పాత గేమ్‌లంటే ఇష్టమున్నవాళ్లు ఇక్కడ ఎంతమంది? పర్లేదే, చేతులు బాగానే లేచాయి. నేను విండోస్‌కి ముందటి డాస్ గేమ్‌ల మీద నేర్చుకున్నవాణ్ణి. గేమ్ ఎక్కించగానే సౌండ్ బ్లాస్టర్ అనే సౌండ్ కార్డుది ఏ పోర్టు, ఏ ఐఆర్‌క్యూ, ఏ డీఎంఏ అని అడిగేది, అంటే ఆ కార్డు కంప్యూటర్‌తో మాట్లాడే దారుల నంబర్లు. 220, 5, 1 అని ఎక్కాల్లా బట్టీపట్టాం. ఐఆర్‌క్యూ తప్పు చెప్తే అరిగిపోయిన రికార్డులా ఒకే ముక్క తిప్పితిప్పి వాయించేది. చప్పుడుని బట్టి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం నాకు అక్కడే అబ్బింది. తర్వాత 2007లో విస్టా అనే విండోస్ వచ్చింది. గేమ్ నేరుగా సౌండ్ కార్డుతో మాట్లాడే దారిని మూసేసింది. దాంతో ఈఏఎక్స్ అనే ప్రతిధ్వని పద్ధతిని నమ్ముకున్న గేమ్‌లలో గుహలోకి వెళ్లినా గుహ మోగలేదు. సౌండ్ బ్లాస్టర్ చేసే క్రియేటివ్ కంపెనీ వాళ్లు ఆల్కెమీ అనే ప్రోగ్రాం ఇచ్చి, ఆ పాత మాటల్ని విస్టా మూయని ఓపెన్‌ఏఎల్ అనే ఇంకో దారి భాషలోకి మార్చే ఏర్పాటు చేశారు. ఇలాంటివి గేమ్ తప్పూ కాదు, మీ సిస్టమ్ తప్పూ కాదు.

ఇక ఈ హాల్లో మోగుతున్న గుయ్‌ సంగతి. వినండి. ఇప్పుడు నా లాప్‌టాప్ ఛార్జర్ పిన్ను పీకేస్తున్నాను. పోయింది కదా? మళ్లీ పెడుతున్నాను. వచ్చింది. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్. నా ఛార్జరు ఈ గోడ సాకెట్లో ఉంది, మీ యాంప్లిఫైయర్ ఆ చివర సాకెట్లో ఉంది. రెండు ఎర్తుల మధ్య ఆడియో వైరు వంతెనలా మారి, ఆ కరెంటు మోతని మోసుకొస్తోంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెడితే సాధారణంగా తగ్గిపోతుంది. మోత పోతుంది కదా అని ఎర్తు పిన్ను విరగ్గొట్టే మొనగాళ్లని చూశాను. ఆ పని మాత్రం చెయ్యకండి, షాక్ కొడుతుంది.

మూడో వరసలో నీలం చొక్కా బాబూ, ఇందాకటి నుంచి హెడ్‌సెట్ పట్టుకుని చెయ్యెత్తుతున్నావు. ఇలా పైకి రా. సౌండ్ బాలేదా? అది సరే, ఏ చప్పుడొస్తోందో ముందు నోటితో అని వినిపించు.