లింక్స్ గోల్ఫ్ యాత్రకు మూడు ప్రణాళికలు: మేము దేనిని ఎంచుకున్నాము, ఎందుకు?

నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. నిరుడు జూన్ నెల మొదట్లో మేము నలుగురం, అంటే నేను, ఒంగోలులో ఉంటున్న మా బావగారు, కావలి మిత్రులు ఇద్దరు, లింక్స్ గోల్ఫ్ ఆడటానికి స్కాట్లండ్ వెళ్లి వచ్చాము. బయలుదేరే ముందు మా చేతికి మూడు ప్రయాణ ప్రణాళికలు వచ్చాయి. గోల్ఫ్ కోర్సుల, అంటే ఆట మైదానాల, అందం గురించి చెప్పే వీడియోలు చాలానే ఉన్నాయి కనుక, ఈ రోజు ఆ మూడు ప్రణాళికలను పక్కపక్కన పెట్టి చూద్దాము. ఈ యాత్ర బాగుండటం, చెడిపోవడం చాలావరకు అక్కడే తేలిపోతుందని నా నమ్మకం.

లింక్స్ అంటే ఏమిటో ముందుగా ఒక్క మాట చెబుతాను. సముద్రానికీ పంట భూములకూ నడుమ గాలి పోగుచేసిన ఇసుక దిబ్బల నేల అది. మన మైపాడు, కొత్తపట్నం తీరాలలో సరుగుడు తోటలు తీసేసి, ఆ దిబ్బల మీద సన్నని గట్టి గడ్డి పరిచినట్లు ఊహించుకోండి. చెట్లు దాదాపు ఉండవు. నీరు వెంటనే ఇంకిపోతుంది కనుక నేల గట్టిగా ఉంటుంది, పడిన బంతి ఆగకుండా దొర్లుతుంది. చెన్నైలో ఆడేటప్పుడు బంతిని ఎత్తుగా లేపి గ్రీన్ మీద, అంటే జెండా చుట్టూ ఉండే నున్నని గడ్డి మీద, దించడం అలవాటు పడిన మాకు, అక్కడ గ్రీన్‌కు ముప్పై గజాల దూరంలో క్యాడీ, అంటే మా బ్యాగు మోసే సహాయకుడు, బంతిని నేల మీద దొర్లించే పుటర్ కర్ర అందించినప్పుడు ఆశ్చర్యం వేసింది. ఆయన చూపిన పల్లం అంచు మీదుగా నెమ్మదిగా కొట్టగా, బంతి రెండు మెట్టలు ఎక్కి దిగి జెండాకు ఆరడుగుల దూరంలో ఆగింది.

ఇక మొదటి ప్రణాళిక విషయానికి వస్తాను. పది రోజులలో తొమ్మిది కోర్సులు. ఎడిన్‌బరోలో దిగి సెయింట్ ఆండ్రూస్, అక్కడి నుంచి ఉత్తరాన రాయల్ డోర్నోక్, మళ్లీ నైరుతి తీరంలోని ప్రెస్ట్‌విక్, రాయల్ ట్రూన్, చివరికి ఓడ ఎక్కి ఉత్తర ఐర్లండ్‌లోని రాయల్ పోర్ట్‌రష్. చదువుతుంటేనే నోరూరుతుంది. ప్రెస్ట్‌విక్‌లో 1860లో మొదటి ఓపెన్, అంటే బ్రిటిష్ ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ, జరిగింది. అప్పుడు అక్కడ ఉన్న హోల్స్, అంటే బంతిని చేర్చవలసిన గుంటలు, 12 మాత్రమే. ఎన్నో ప్రసిద్ధ కోర్సులను రూపొందించిన డొనాల్డ్ రాస్ పుట్టిన ఊరు డోర్నోక్. పోర్ట్‌రష్‌లో 2019లోనూ 2025లోనూ ఓపెన్ జరిగింది. ఇవన్నీ చూడదగినవే, కానీ మ్యాపు తెరిచి దూరాలు కొలిచిన తరువాత నా ఉత్సాహం తగ్గిపోయింది. డోర్నోక్ నుంచి ట్రూన్ దాదాపు 400 కిలోమీటర్లు. ఇంచుమించు నెల్లూరు నుంచి రాజమహేంద్రవరం వెళ్లినంత దూరం, అందులో చాలా భాగం కొండల మధ్య మామూలు రెండు వరుసల రోడ్డు. యాభై దాటిన నలుగురం ఉదయం పది కిలోమీటర్లు నడిచి ఆడి, తడిసిన బట్టలు బ్యాగులో కుక్కి, సాయంత్రం అంత దూరం కారులో కూర్చుంటే మరునాటి ఆట ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. అక్కడ చాలా కోర్సులలో నడిచే ఆడాలి. గోల్ఫ్‌కు పుట్టినిల్లుగా పేరుపొందిన సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆరోగ్య కారణం ఉంటే తప్ప బండి ఇవ్వరు.

ఈ ప్రణాళికలో నన్ను నిజంగా బాధపెట్టింది మరొకటి ఉంది. ఓల్డ్ కోర్సు ఆట ఖాయం అని దానిలో పెద్ద అక్షరాలతో రాశారు. ఏ తేదీన, ఏ సమయానికి అని మేము పట్టుబట్టి అడిగితే, అది రోజువారీ లాటరీలో పేరు వేయడమేనని చివరకు ఒప్పుకున్నారు. ఆ సంస్థ పేరు చెప్పను. మీకు ఎవరైనా ఖాయం అని చెబితే, డబ్బు కట్టకముందే సమయంతో సహా రాతపూర్వకంగా తీసుకోండి.

రెండవ ప్రణాళిక ఐర్లండ్ పడమటి తీరానిది. బాలీబనియన్, లాహించ్ కోర్సులు, ఆ రెండింటి మధ్య షానన్ నది దాటడానికి ఓడ. తక్కువ కోర్సులు, చక్కని తీరిక. దానిలో నాకు లోపమేమీ కనిపించలేదు. వీసా విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. ఐర్లండ్ వేరే దేశం, ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగం. మనవారికి ఒకే వీసాతో రెండు చోట్లకూ వెళ్లే పథకం ఉంది కానీ, వీసా ఇచ్చిన దేశంలోనే మొదట దిగాలి. విమానం టికెట్ కొనే ముందే ఇది చూసుకోవాలి. మరోసారి వెళితే ఈ దారినే వెళతాము. మొదటిసారికి మాత్రం ఓల్డ్ కోర్సును వదులుకోలేకపోయాము.

మేము ఎంచుకున్న మూడవ ప్రణాళికలో బస రెండే చోట్ల. గురువారం ఎడిన్‌బరోలో దిగి, రైలులో అరగంట దూరంలోని నార్త్ బెర్విక్‌లో మూడు రాత్రులు, ఆదివారం నుంచి సెయింట్ ఆండ్రూస్‌లో ఐదు రాత్రులు. రోహిణి కార్తెలో నెల్లూరు పడమటి గాలికి మాడి బయలుదేరిన మాకు, అక్కడ ఎదురైనదీ పడమటి గాలే, కానీ ఎముకలు కొరికే చలిగాలి. మొదటి రోజు ఆట పెట్టుకోకుండా వదిలేసినందుకు ఆనందించాము. నార్త్ బెర్విక్ వెస్ట్ లింక్స్ 13వ హోల్‌లో గ్రీన్‌కు అడ్డంగా పాత రాతి గోడ ఉంటుంది. మా బావగారు కొట్టిన బంతి దానికి తగిలి ఇరవై అడుగులు వెనక్కి వచ్చింది. "బావా, ఇది గోల్ఫా, గోడ దూకుడా?" అని ఆయన నవ్విన నవ్వు నాకింకా వినిపిస్తోంది.

సెయింట్ ఆండ్రూస్‌కు ఏ వారంలో చేరాలనే దానికన్నా, వారంలో ఏ రోజున చేరాలనేది ముఖ్యం. ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు లాటరీ తీస్తారు. ఆదివారం ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు. శుక్రవారం చేరి ఆదివారం వెళ్లిపోయే ప్రణాళికలో అవకాశాలు ఒకటి రెండుకు మించవు. ఆదివారం చేరితే సోమవారం నుంచి గురువారం వరకు నాలుగు రోజులు దొరుకుతాయి. మా పేర్లు సోమ, మంగళవారాలకు రాలేదు, బుధవారానికి వచ్చాయి. పేరు రాని రోజులలో 1895 నాటి న్యూ కోర్సులోనూ, తరువాత వచ్చిన జూబిలీలోనూ ఆడాము. జూన్‌లో రాత్రి 10 గంటల వరకు వెలుతురు ఉంటుంది కనుక తొందర లేదు. గురువారం డండీ నగరం మీదుగా కార్నూస్టీ కోర్సుకు వెళ్లి చీకటి పడేలోగా తిరిగి వచ్చాము. మీ క్లబ్బు ఇచ్చిన హ్యాండిక్యాప్ ధ్రువపత్రం, అంటే మీ ఆట స్థాయిని తెలిపే పత్రం, చేతిలో ఉంచుకోండి, ఓల్డ్ కోర్సులో అడుగుతారు.

ఆదివారం చేరడంలో మరొక లాభం ఉంది, అది మాకు ముందు తెలియదు. ఆ రోజు ఓల్డ్ కోర్సు ఊరివారి పార్కు. సామాను గదిలో పెట్టి మేమూ వెళ్లాము. పిల్లలు, కుక్కలతో వచ్చినవారు, చేతికర్రలు పట్టుకున్న వృద్ధులు, హోల్ వైపు సాగే పొట్టి గడ్డి దారి అయిన ఫెయిర్‌వే మీద తీరికగా నడుస్తున్నారు. గడ్డి పెళ్లలను ఇటుకల వరుసల్లా పేర్చి కట్టిన రోడ్ హోల్ బంకర్ అనే ఇసుక గుంట గోడ పక్కన మా బావగారు కూర్చుని, లోపలి ఇసుకను చాలాసేపు చూశారు. బుధవారం ఆయన బంతి సరిగ్గా అక్కడే పడింది. బయటికి తీయడానికి మూడు దెబ్బలు పట్టాయి.