ఫీల్డ్ పాయింట్ (ప్రాక్టీస్ మొన) తగిలిన చోటే బ్రాడ్‌హెడ్ (వేట మొన) తగులుతుందా?

ఎల్క్ (ఒక రకం పెద్ద జింక) లాంటి పెద్ద జంతువుల వేట సీజన్‌కి ఇంకా టైమ్ ఉంది కదా అని, కామ్‌లనే చక్రాలుండే కాంపౌండ్ విల్లుని కేసులోనే ఉంచేశారా? బయటికి తీయండి. చివరి వారంలో తీస్తే చేయగలిగేది పెద్దగా ఏమీ ఉండదు.

ముందు నారి. పీచు లేచిందా, కామ్‌ల దగ్గర చుట్టిన దారం విడిపోతోందా చూడండి. పీచు కొద్దిగానే ఉంటే వ్యాక్స్ రాసి వేళ్లతో రుద్దితే చాలు. దారపు పోగులు తెగుంటే మాత్రం నారి మార్చాల్సిందే, అదీ ఇప్పుడే, ఎందుకంటే కొత్త నారి కొన్నాళ్లు బాణాలు వేస్తే గానీ కుదురుకోదు, ఈలోగా కాస్త సాగుతుంది, నారిలో గురి చూసే రంధ్రం, అదే పీప్ సైట్, పక్కకి తిరుగుతుంది, మీరు ఓపిగ్గా సెట్ చేసుకున్న సైట్ పిన్నులు (విల్లు మీద గురి చూసే గుర్తులు) మళ్లీ మొదటికొస్తాయి.

కార్బన్ బాణాలని ఒక్కొక్కటీ రెండు చివర్లా పట్టుకుని, తిప్పుతూ, మెల్లగా వంచండి. చిటపటమన్నా, పగులు కనిపించినా ఇంక వాడొద్దు. అలాంటి బాణం వదిలేటప్పుడు ముక్కలై చేతిలో దిగే ప్రమాదం ఉంది. ఖరీదైనదే, ఒప్పుకుంటా, అయినా సరే పారేయండి.

ఇక అసలు విషయం. ఏడాదంతా 100 గ్రెయిన్ల (సుమారు ఆరున్నర గ్రాముల) ఫీల్డ్ పాయింట్‌తో గురి చూసి, అదే బరువున్న బ్రాడ్‌హెడ్ బిగించి నేరుగా అడవికెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. బరువు ఒకటే కదా అంటారు. కానీ బ్రాడ్‌హెడ్‌కి రెక్కల్లాంటి బ్లేడ్లు ఉంటాయి, విల్లు నుంచి బాణం కాస్త వంకరగా బయల్దేరినా గాలి ఆ బ్లేడ్లని పట్టి పక్కకి లాగేస్తుంది, ఫీల్డ్ పాయింట్‌తో అయితే ఆ వంకర బయటపడదు. అందుకే రెండూ ఒకే దూరం నుంచి వేసి చూడండి. బ్రాడ్‌హెడ్లు ప్రతిసారీ ఎడమకి పడుతుంటే విల్లు మీద బాణం ఆనే రెస్ట్‌ని వెంట్రుకవాసి కుడికి జరపండి, మళ్లీ వేయండి. సైట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, రెండు రకాల బాణాలూ ఒకే చోట పడ్డాకే దాని సంగతి. ఒక్క బాణమే దారి తప్పుతుంటే తప్పు విల్లుది కాకపోవచ్చు, దాన్ని చదునైన చోట గిర్రున తిప్పి, మొన వణుకుతోందేమో చూడండి.

ప్రాక్టీస్‌లో వాడిన బ్లేడ్లతో మాత్రం వేటకెళ్లొద్దు. మొద్దుబారిన బ్లేడు జంతువుని గాయపరిచి వదిలేస్తుంది, అది మనం చేయకూడని పని.

ఇంకోటి, డ్రా వెయిట్, అంటే నారి లాగడానికి పట్టే బలం. కూర్చుని, వేటకి వేసుకునే మందపాటి జాకెట్ వేసుకుని, విల్లుని ఆకాశం వైపు ఎత్తకుండా నేరుగా లాగగలుగుతున్నారా? లేకపోతే పంతానికి పోకండి. పైనా కిందా విల్లు కొమ్మల్ని పట్టి ఉంచే లింబ్ బోల్టులని సమానంగా వదులు చేయండి, కంపెనీ చెప్పిన హద్దు దాటకుండా. అయితే డ్రా వెయిట్ మారితే బాణం నడక కూడా మారుతుంది, కాబట్టి ఇది బ్రాడ్‌హెడ్ పరీక్ష కంటే ముందే తేల్చుకోండి.