డెల్రిన్ అని కొన్న తెల్ల కడ్డీ: ప్లాస్టిక్ బోల్టులు, బుష్‌ల సమీక్ష

వీక్షకులకు నమస్కారం. ఈ బల్ల మీద నాలుగు ఎం6 (6 మిల్లీమీటర్ల మర) బోల్టులు, పాడైపోయిన ఒక బుష్, అంటే షాఫ్టు తిరగడానికి చుట్టూ తొడిగే గొట్టం ముక్క, ఉన్నాయి. బోల్టులు వరుసగా నైలాన్ 66, అసిటాల్, పాలీకార్బొనేట్, పీక్ ప్లాస్టిక్‌లతో చేసినవి. బుష్‌ను మాత్రం డెల్రిన్ (అసిటాల్‌కు దుకాణాల్లో వాడే పేరు) అని చెప్పి నాకు అమ్మిన తెల్ల కడ్డీ నుంచి మే నెలలో లేత్ మీద తీయించాను. 25 మిల్లీమీటర్ల షాఫ్టు మీద 0.1 మిల్లీమీటరు వదులుతో చక్కగా తిరిగిన ఆ బుష్, వానలు ముదిరిన ఆగస్టులో షాఫ్టును పట్టేసి మోటారును ఆపేసింది. దాని సంగతి తరువాత చూద్దాం.

బోల్టు కొనేవారు కేటలాగులో ముందుగా వెతికేది లాగుడుకు ఆగే బలాన్ని. నైలాన్ 66 కు అక్కడ సుమారు 80 మెగాపాస్కల్స్ అని ఉంటుంది. అయితే అది అచ్చులోంచి అప్పుడే తీసిన పొడి ముక్కకు కొలిచిన బలమన్న మాట, ఉంటే గింటే, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. నైలాన్‌లోని అమైడ్ బంధాలు తేమను పీల్చుకుంటాయి. మామూలు గాలిలో ఉంచితే బరువులో దాదాపు 2.5 శాతం, నీళ్ళలో నానితే 8 శాతానికి పైగా నీరు అందులో చేరుతుంది. నీరు చేరిన కొద్దీ దాని బలం తగ్గుతుంది, పెళుసుదనం పోతుంది, కొలతలు పెరుగుతాయి. బోల్టుకు ఇందులో కొంత మేలు కూడా ఉంది, ఎందుకంటే బొత్తిగా ఎండిన నైలాన్ బోల్టు బిగించేటప్పుడు పుటుక్కున తెగే ప్రమాదం ఎక్కువ. అచ్చు ముక్కలను వేడినీటిలో నానబెట్టి వాడే అలవాటు అందుకే వచ్చింది. బుష్ విషయం వేరు. హౌసింగ్‌లో, అంటే తాను కూర్చునే గూడులో, బిగువుగా దిగిన బుష్‌కు బయటికి ఉబ్బే చోటు ఉండదు కనుక అది లోపలికి ఉబ్బి, షాఫ్టు దూరే రంధ్రాన్ని (బోర్‌ను) ఇరుకు చేస్తుంది.

కొలత నిలవవలసిన చోట నేను అసిటాల్‌నే ఎంచుకుంటాను. డెల్రిన్ అన్నది డ్యూపాంట్ సంస్థ తన అసిటాల్‌కు పెట్టుకున్న వ్యాపారనామం. మన దుకాణాల్లో ఎవరి అసిటాల్‌నైనా ఆ పేరుతోనే పిలుస్తారు. ఇది నీళ్ళలో ఎంతకాలం నానినా ఒక శాతం లోపే పీలుస్తుంది, లేత్ మీద శుభ్రంగా తెగుతుంది. తేమను తట్టుకున్నంత మాత్రాన వేడిని మరచిపోకూడదు: 50 మిల్లీమీటర్ల అసిటాల్ ముక్క 20 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 0.11 మిల్లీమీటరు సాగుతుంది, అదే ఉక్కు అయితే 0.012 దగ్గర ఆగిపోతుంది. ఏప్రిల్ ఉదయం రేకుల షెడ్డులో కొలిచి సరిపోయిందనుకున్న ముక్క మధ్యాహ్నం గేజిలో దూరకపోతే తప్పు టర్నరుది కాకపోవచ్చు. గాఢ ఆమ్లాలు, క్లోరిన్ తగిలే చోట అసిటాల్‌ను పెట్టవద్దు.

పాలీకార్బొనేట్ బోల్టు అద్దంలా ఉంటుంది, సుత్తి దెబ్బకు ఓరుస్తుంది. కానీ మర వదులు కాకుండా వేసే థ్రెడ్‌లాకర్ ద్రవం తగిలితే, బిగింపులో ఉన్న ఈ బోల్టు పగుళ్ళిచ్చి విరుగుతుంది.

పీక్ 343 డిగ్రీల దగ్గర గానీ కరగదు, 250 డిగ్రీల వేడిలో ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వంటి కొన్నింటికి తప్ప లొంగదు. ధర మాత్రం నైలాన్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, 100 డిగ్రీలు దాటని పనికి దీన్ని కొనడం నా దృష్టిలో దుబారా.

నాలుగింటిలో ఏది కొన్నా బిగింపు మొదటి రోజు ఉన్నట్టు ఉండదు. నిలకడగా లాగుడులో ఉన్న ప్లాస్టిక్ మెల్లగా సాగి పట్టు సడలిస్తుంది, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా సడలిస్తుంది. తల కింద వెడల్పాటి వాషరు వేయడం, ఒక సైజు పెద్ద మరను ఎంచుకోవడం, మరునాడు మరొకసారి బిగువు చూడడం నేను పాటించే జాగ్రత్తలు. కారే ద్రవాన్నో గ్యాసునో ఆపవలసిన జాయింటుకు ప్లాస్టిక్ బోల్టు అసలు వాడను.

ఇప్పుడు ఆ బుష్ సంగతి. అది నిజంగా అసిటాలా, లేక నైలానా అన్నది ఉప్పునీటితో తేల్చుదాం. లీటరు నీటిలో సుమారు 350 గ్రాముల ఉప్పు కలిపితే ద్రావణం సాంద్రత 1.2 దగ్గరకు వస్తుంది. నైలాన్ సాంద్రత 1.14, అసిటాల్‌ది 1.41. మామూలు నీటిలో రెండూ మునుగుతాయి; ఈ ఉప్పునీటిలో నైలాన్ తేలాలి, అసిటాల్ మునగాలి. గాజుపోగు కలిపిన నైలాన్ కూడా మునుగుతుంది గనుక ఈ పరీక్ష మామూలు తెల్ల కడ్డీలకే పనికివస్తుంది. గాలి బుడగలు అంటకుండా ముక్కను తడిపి తుడిచాను. ముందుగా ఈ అసిటాల్ బోల్టును వేస్తున్నాను, అడుగుకు చేరింది. ఇక షాఫ్టును పట్టేసిన బుష్ నుంచి కోసిన ముక్కను వేస్తున్నాను, చూడండి, పైకి తేలింది.